కొట్టేసిన మూడు లైన్లు

కోటు తొడుక్కోవడం ఎలాగో లూక్ డేగల్ రాసిన కాగితాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, అందులో ఉన్నట్టే నోయెల్లా లిజోట్ కుడి చేతిని కోటు చేతిలోకి దూర్చింది. "రెండో చెయ్యి కూడా పెట్టాలి" అని ఉంది ఆ తర్వాత. ఎందులో పెట్టాలో లేదు. ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టి, రెండో చేతిని కూడా అదే సందులోకి దూర్చి, మోచేతుల దాకా ఇరుక్కుపోయి నిలబడింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రెండో తరగతి టీచరు, అలా కట్టేసిన మూటలా నిలబడేసరికి పిల్లలు కుర్చీల్లోంచి జారి కిందపడి మరీ నవ్వారు.

"అలా కాదు మేడమ్. ఆ చెయ్యి ఇటు," అన్నాడు లూక్, నవ్వాలో ఏడవాలో తెలీక.

"ఇటంటే ఎటు నాయనా? నీ కాగితంలో ఇటు అనే మాటే లేదే."

"అది అందరికీ తెలుసు కదా."

"నాకు తెలీదు. నేను నిన్ననే భూమ్మీదకి వచ్చాను. కాగితం ఏం చెప్తే అదే చేస్తాను. ఇప్పుడు జిప్పు లాగమన్నావు. చేతులు రెండూ ఇందులో ఉన్నాయి. పళ్ళతో లాగనా?"

లూక్ పెన్సిల్ తీసుకుని తన కాగితం మీద పడ్డాడు. నోయెల్లా తృప్తిగా చేతులు బయటికి లాక్కుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ పాఠం ఇదే. ఎలా చెయ్యాలో రాయమనడం, రాసినట్టు తు.చ. తప్పకుండా చేసి చూపించడం, రాసినవాడే నాలిక కరుచుకుని దిద్దుకునేదాకా ఊరుకోవడం. ఏమీ తెలియనట్టు ఉండటంలో లోయ మొత్తంలో తనని మించినవాళ్ళు లేరని ఆవిడకి కాస్త గర్వం కూడా ఉంది.

ఈసారి రాయాల్సింది ప్లోయ్ గురించి. బక్‌వీట్ అనే ధాన్యం పిండితో పోసే పసుప్పచ్చటి పల్చని అట్టు అది. ఆ లోయలోని వాళ్ళ ఊరు సెయింట్ ఒడీల్‌లో పొద్దున వెన్నతోనూ, మధ్యాహ్నం చిక్కుళ్ళ కూరతోనూ, రాత్రి కోడి పులుసుతోనూ దాన్ని తినని ఇల్లు లేదు. పిండి నోయెల్లా తనే కలిపి ఇస్తుంది. గరిటె పట్టుకున్న దగ్గర్నుంచి పళ్ళెంలో పడేదాకా ఏం చెయ్యాలో పిల్లలు రాయాలి. గురువారం నాడు జిల్లా ఆఫీసు నుంచి విట్‌కమ్ అనే ఆవిడ క్లాసు చూడటానికి వస్తోంది. ఆవిడ ముందే పెనం పెట్టి, పిల్లల కాగితాలు చదివి, అట్లు పోసి చూపించాలని నోయెల్లా ఆలోచన.

మంగళవారం మధ్యాహ్నానికి ఇరవై కాగితాలూ ఆవిడ బల్ల మీద ఉన్నాయి.

బడి వదిలాక హెడ్మాస్టర్ రోలండ్ జాండ్రో వచ్చి, పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పాతికేళ్ళ కిందట అతను కూడా ఈ క్లాసులోనే కూర్చున్నాడు. ఇప్పటికీ ఆవిడ ముందు అనుకోకుండానే చేతులు కట్టుకుంటాడు.

"టెస్సా కాగితం చూశారా మేడమ్?" అన్నాడు.

"ఇంకా లేదు."

"శుక్రవారం వాళ్ళమ్మని రమ్మన్నాను. రూలు మీకు తెలిసిందే. మార్కులు వేసే మూడు కాగితాల్లో ఒక్కదానికైనా ఎనిమిది రావాలి. పళ్ళు తోముకోవడానికి మూడొచ్చింది. చెట్టు నాటడానికి నాలుగు. దీనికి కూడా రాకపోతే సోమవారం నుంచి ఒకటో తరగతికి పంపెయ్యాలి. ఇదిగో ఫారం. టీచరు సంతకం ఇక్కడ."

"తెలుసు. నీకు సంతకం పెట్టడం నేర్పిందే నేను."

అతను నవ్వేసి, ఫారం అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

టెస్సా పూల్ ఆగస్టులో వచ్చింది, తల్లితో, ఎక్కడో దక్షిణాన జార్జియా నుంచి. తల్లికి వృద్ధాశ్రమం వంటింట్లో ఉద్యోగం. ఈ పిల్ల అడిగితే తప్ప మాట్లాడదు, అడిగినా ముక్తసరిగా చెప్తుంది. రాత కూడా అంతే. వచ్చిన నెలకే బంగాళాదుంపల కోతకని బడికి మూడు వారాలు సెలవులిచ్చారు. లోయ పిల్లలందరూ చేలల్లో అమ్మానాన్నల వెంట తిరిగారు. ఈ పిల్లకి ఆ మూడు వారాలూ ఎలా గడిచాయో ఎవరూ అడగలేదు.

నోయెల్లా ఎర్ర పెన్సిల్ చెక్కుకుని, మార్కుల పట్టిక పక్కన పెట్టుకుంది. అది జిల్లా ఆఫీసు పంపిన పట్టిక. నాలుగు గళ్ళు, గడికి నాలుగు మార్కులు. మొదలుపెట్టే వాక్యం ఉందా, ఒకటి. మొదట, తర్వాత, ఆపైన, చివరికి అనే మాటలు ఉన్నాయా, రెండు. వివరాలు, మూడు. ఈ మూడో గడి కింద సన్నటి అక్షరాలతో రెండు షరతులు. అక్కర్లేనిది రాస్తే లైనుకొక మార్కు తియ్యాలి. కావలసింది రాయకపోతే ఒక మార్కుకి మించి ఇవ్వకూడదు. నాలుగో గడి అక్షరాలు, దస్తూరి.

రోలండ్ కూతురు కమీల్ కాగితం చదివితే ముచ్చటేసింది. "ప్లోయ్ అంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. మొదట పెనం వేడి చెయ్యాలి. తర్వాత పిండి పొయ్యాలి. ఆపైన బాగా కాలనివ్వాలి. చివరికి తీసి వెన్న రాసుకోవాలి. మీరు కూడా చేసుకుని తిని ఆనందించండి." పదహారుకి పదహారు. నోయెల్లా పక్కన ఒక నక్షత్రం కూడా వేసింది.

అడుగున టెస్సా కాగితం.

"పెనం బాగా వేడెక్కాలి. నూనె వెయ్యకూడదు.
ఒక గరిటె పిండి పోసి గరిటె వెనకవైపుతో పల్చగా పరవాలి.
ముందు బుడగలు వస్తాయి. అవి పగిలితే కన్నాలు పడతాయి. పైన అంతా కన్నాలు పడి, తడి మెరుపు పోయేదాకా ఆగాలి.
తిరగెయ్యకూడదు.
పాన్‌కేక్ అయితే తిరగేస్తారు. ఇది పాన్‌కేక్ కాదు.
నేను తిరగేశాను. అందరూ నవ్వారు. టీచర్ కూడా నవ్వింది.
అంచు పట్టుకుంటే అంటుకోకుండా లేచి వస్తే అయిపోయినట్టు."

మొదలుపెట్టే వాక్యం లేదు. సున్నా. మొదట, తర్వాత ఒక్కటీ లేవు. సున్నా. దస్తూరి మాత్రం గుండ్రంగా, తప్పు లేకుండా ఉంది. నాలుగు. వివరాల దగ్గర నోయెల్లా పెన్సిల్ ఆగింది. ప్లోయ్‌ని ఎవరు తిరగేస్తారు? చెప్పులు తలకి పెట్టుకోకూడదు అని రాసినట్టుంది. ఆవిడ "తిరగెయ్యకూడదు" మీద ఒక గీత గీసింది. పాన్‌కేక్ మీద ఒకటి. నవ్విన లైను మీద మూడోది. పక్కన "అక్కర్లేదు" అని రాసింది. నాలుగులో మూడు పోగా ఒకటి. మొత్తం ఐదు.

ఐదు అని వేశాక మళ్ళీ ఆ మూడో లైను చదివింది. టీచర్ కూడా నవ్వింది. కోతల సెలవులు అయ్యాక చర్చి హాల్లో పెట్టిన విందు గుర్తొచ్చింది. పొడుగాటి పెనం ముందు పిల్లలు వరసగా నిలబడి తలా ఒక ప్లోయ్ పోసుకున్నారు. ఈ పిల్ల ఎంతో జాగ్రత్తగా, నాలిక బయట పెట్టి మరీ, తన దాన్ని తిరగేసింది. హాలంతా గొల్లుమంది. అవును, తను కూడా నవ్వింది. కడుపుబ్బ నవ్వి, పక్కనున్న ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మరీ నవ్వింది. అందులో తప్పేముంది, నవ్వొచ్చింది నవ్వాను అనుకుని ఆ కాగితాన్ని దొంతర అడుక్కి తోసేసింది. ఫారం మీద మాత్రం ఆ సాయంత్రం సంతకం పెట్టలేదు. పెన్ను కనిపించలేదని తనకి తనే చెప్పుకుంది. పెన్ను చెవి మీదే ఉంది.

*

బుధవారం బడి వదిలే వేళకి టెస్సా తల్లి కార్లా, వంటింటి తెల్ల కోటు మీదే, తలకి వల కూడా తియ్యకుండా గేటు దగ్గర నిలబడి ఉంది. ముప్పై దాటని మనిషి. నోయెల్లాని చూడగానే ఏదో తప్పు చేసినదానిలా కోటు గుండీలు పెట్టుకుంది.

"శుక్రవారం దేని గురించో హెడ్మాస్టర్ గారు ఫోన్లో చెప్పారండీ. ఒకటో తరగతికి అన్నారు."

"ఇంకా ఏదీ తేలలేదు కార్లా. అది మాట్లాడటానికే పిలిచాం."

"మీరు మంచిదంటే మంచిదేనండీ. నేనేం అడ్డం చెప్పను." ఆమె చివరి గుండీ కూడా పెట్టుకుంది. "నన్ను కూడా రెండో తరగతిలో వెనక్కి పంపారు. మొద్దని. ఏడాది ఉంటే సర్దుకుంటుంది అన్నారు మా అమ్మతో. నాకెప్పుడూ సర్దుకోలేదు. ఆ తర్వాత ఏ క్లాసులోకి వెళ్ళినా ముందే తెలిసిపోయేది వాళ్ళకి, నేను వెనక్కి వచ్చిన పిల్లనని. ఇప్పటికీ ఎవరన్నా కాగితం ఇచ్చి చదవమంటే చేతులు చల్లబడతాయి."

"టెస్సా మొద్దు కాదు," అంది నోయెల్లా, చాలా త్వరగా.

"మా అమ్మ కూడా అలాగే అనేదండీ."

అప్పుడే టెస్సా బయటికి వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని, "ఏం మాట్లాడుకుంటున్నారు?" అంది తల్లితో, టీచరు వైపు చూడకుండా.

"ఏం లేదు. ప్లోయ్ గురించి. రేపు మీ క్లాసులో పోస్తారట కదా."

"నేను పొయ్యను," అంది టెస్సా. "రాసిచ్చాను. అంతే."

వాళ్ళిద్దరూ మంచు మొదలవ్వని ఆ బూడిద రంగు సాయంత్రంలో నడుచుకుంటూ వెళ్ళిపోయారు. నోయెల్లా వాళ్ళు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది. ఎప్పుడూ లేనిది, ఆవిడకి తన మీద తనకే చిరాకు వేసింది. కానీ పట్టిక ఇరవై మందికీ ఒకటే కదా, ఒక పిల్లకి ఒకలా ఇంకో పిల్లకి ఇంకోలా వెయ్యలేను కదా అనుకుంటూ లోపలికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు రూలు ప్రకారం బతికినవాళ్ళకి రూలు వెనక నిలబడటం సుఖంగానే ఉంటుంది, ఎండలో గొడుగులా.

*

విట్‌కమ్ గురువారం పదింటికి వచ్చింది. పోర్ట్‌లాండ్ వైపు మనిషి, నలభై ఉంటాయి. చేతిలో నోటుపుస్తకం, ముఖం మీద చెరగని చిరునవ్వు. నోయెల్లా అప్పటికే కరెంటు పెనం కిటికీ కింద పెట్టి, పెద్ద గిన్నెలో పిండి కలిపి, వేణ్ణీళ్ళు పోసి సిద్ధంగా ఉంచింది. ఆప్రాన్ కట్టుకుని కమీల్ కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఒక్క మాటండీ," అంది విట్‌కమ్. "ఇది మీకు చిన్నప్పటి నుంచి అలవాటే కదా. కాగితంలో లేకపోయినా మీ చెయ్యి చేసుకుపోతుందేమో. నేను పొయ్యనా? నేనెప్పుడూ తిని కూడా ఎరగను."

నోయెల్లాకి అది కొంచెం గుచ్చుకుంది. ఏమీ తెలియనట్టు ఉండటం తన విద్య. కానీ కాదనడానికి కారణం దొరక్క ఆప్రాన్ విప్పి ఇచ్చింది.

కమీల్ లేచి నిలబడి గొంతు సవరించుకుని తన కాగితం తనే చదివింది. పెనం వేడి చెయ్యాలి. చేసింది. పిండి పొయ్యాలి. విట్‌కమ్ గరిటెతో పోసి, అదేపనిగా చూస్తూ నిలబడింది. బుడగలు లేచాయి. పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు. "ఆపైన బాగా కాలనివ్వాలి," అని చదివింది కమీల్.

బాగా కాలాలంటే ఏ ఊళ్ళోనైనా ఏం చేస్తారు? విట్‌కమ్ అట్లకాడ తీసుకుని, నేర్పుగా మణికట్టు తిప్పి, ప్లోయ్‌ని బోర్లా వేసింది.

 క్లాసులో లేచిన నవ్వుకి కిటికీ అద్దాలు అదిరాయి. లూక్ బల్ల మీద తల కొట్టుకున్నాడు. వెనకున్న ఇద్దరు ఒకరినొకరు కావలించుకున్నారు. విట్‌కమ్ అట్లకాడతో అలాగే నిలబడింది. ముఖం మీద నవ్వు ఉంది గానీ మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"ఏం చేశాను?" అంది.

"ప్లోయ్‌ని తిరగేశారు," అంది కమీల్, ఆవిడేదో దొంగతనం చేసినట్టు. "ప్లోయ్‌ని ఎవరూ తిరగెయ్యరు."

"నీ కాగితంలో తిరగెయ్యొద్దని లేదు."

"అది రాస్తారా ఎవరన్నా? అందరికీ తెలుసు కదా."

"నాకు తెలీదమ్మా," అంది విట్‌కమ్.

నోయెల్లాకి అప్పుడు నవ్వు రాలేదు. ఆవిడ చూపు నవ్వుతున్న పిల్లల మీద నుంచి చివరి వరసకి వెళ్ళింది. అక్కడ ఒక్క పిల్లే నవ్వడం లేదు. టెస్సా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, విట్‌కమ్ చెవుల వైపు, ఆ ఎర్రదనం వైపు చూస్తోంది. ఆ ఎరుపు ఎలా ఉంటుందో ఆ గదిలో ఆ పిల్లకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"లూక్, నీ కాగితం చదువు," అంది నోయెల్లా.

లూక్ చదివాడు. లేదు. తర్వాతి పిల్ల చదివింది. లేదు. "తిరగెయ్యొద్దు అని రాసినవాళ్ళు చెయ్యెత్తండి" అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. టెస్సా చెయ్యి కూడా లేవలేదు. గోడ మీద నోయెల్లా స్వయంగా, రంగు పెన్నులతో, ముచ్చటగా రాసి అంటించిన పెద్ద నమూనా ఉంది. ఆవిడ వెనక్కి తిరిగి దాన్ని పైనుంచి కిందకి చదివింది. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం. అందులో కూడా లేదు.

ఆవిడ దొంతర అడుగునుంచి ఒక కాగితం లాగింది. "టెస్సా, దీన్ని నేను చదవనా?"

పిల్ల తల అడ్డంగా ఊపబోయి, ఆగి, సరేనన్నట్టు వంచింది.

నోయెల్లా చదువుతుంటే విట్‌కమ్ పోసింది. నూనె వెయ్యలేదు. గరిటె వెనకవైపుతో పరిచింది. బుడగలు పగిలి కన్నాలు పడేదాకా, తడి మెరుపు పోయేదాకా ఆగింది. "తిరగెయ్యకూడదు. పాన్‌కేక్ అయితే తిరగేస్తారు. ఇది పాన్‌కేక్ కాదు." ఎర్ర గీతల కిందనుంచే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. తర్వాతి లైను దగ్గర నోయెల్లా ఆగింది. దాన్ని వదిలేసి కింద లైనుకి పోవచ్చు, ఎవరికీ తెలియదు. ఆవిడ చదివింది. "నేను తిరగేశాను. అందరూ నవ్వారు. టీచర్ కూడా నవ్వింది."

 విట్‌కమ్ అంచు పట్టుకుని లేపితే అట్టు అంటుకోకుండా, బంగారు రంగులో, పైనంతా సన్నటి కన్నాలతో లేచి వచ్చింది. దాన్ని పళ్ళెంలో వేశారు.

"ఆ రోజు నేను నవ్వాను," అంది నోయెల్లా పిల్లలతో. "అలా నవ్వకుండా ఉండాల్సింది. ఈ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే నవ్వాం. నన్ను క్షమించు టెస్సా."

టెస్సా తొడల కిందనుంచి చేతులు బయటికి తీసింది. కమీల్ పళ్ళెంలోకి వంగి చూసి, "మా అమ్మ పోసినట్టే ఉంది," అని ఒప్పుకుంది, మనసు ఒప్పకపోయినా.

మిగతా పంతొమ్మిది మందీ తమ కాగితాలు దిద్దుకోవడానికి పెన్సిళ్ళు తీశారు.

*

శుక్రవారం మూడున్నరకి రోలండ్ గదిలో, ఇంకా తిరిగి వెళ్ళని విట్‌కమ్‌తో కలిపి, నలుగురు కూర్చున్నారు. కార్లా ఈసారి వంటింటి కోటు విప్పి, ఉన్నదాంట్లో మంచి స్వెటర్ వేసుకుని వచ్చింది. ఒడిలో సంచీని రెండు చేతులతో పట్టుకుంది. రోలండ్ ముందున్న ఫారం మీద సంతకం గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"మేడమ్, మొన్న మీరు వేసింది ఐదు," అన్నాడు రోలండ్ మెల్లగా. "నిన్న క్లాసులో ఏం జరిగిందో కమీల్ ఇంటికొచ్చి రాత్రి అన్నం దగ్గర పూస గుచ్చినట్టు చెప్పింది. అయినా పట్టికలో ఐదు ఐదే కదా."

"నేను తప్పు వేశాను," అంది నోయెల్లా. "అదే చెప్పడానికొచ్చాను. మొదటి రెండు గళ్ళూ సున్నాలే, వాటి జోలికి నేను పోను. వివరాల గడిలో మూడు లైన్లు అక్కర్లేదని కొట్టేశాను. నాకు అక్కర్లేదు. చదివేవాళ్ళకి కావాలి. కాబట్టి నాలుగుకి నాలుగు. మొత్తం ఎనిమిది."

"ఎనిమిదా?" అంది కార్లా సంచీ మీద నుంచి తలెత్తి.

"ఇంకోటుంది. కావలసింది లేకపోతే ఒకటికి మించి ఇవ్వకూడదు అని కదా షరతు. మంగళవారం రాసిచ్చినదానికి మిగతా పంతొమ్మిది మందికీ ఆ గడిలో ఒకటే వస్తుంది. నిన్న సాయంత్రం కూర్చుని అన్నీ మళ్ళీ దిద్దాను. కమీల్‌కి పదమూడు."

రోలండ్ కళ్ళు పెద్దవి చేశాడు. "నా కూతురికి పదమూడా?"

"మిగతా పిల్లల అమ్మానాన్నలు కూడా నీకు ఫోన్లు చేస్తారు. ఏం చెప్తావో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో."

"ఇంట్లో ఏం చెప్పాలో మీరే ఆలోచించి పెట్టండి మేడమ్."

 విట్‌కమ్ అప్పటికే టెస్సా కాగితాన్నీ, దానికి పిన్ను కొట్టిన పట్టికనీ తన వైపు తిప్పుకుని మూడో గడి కింద సన్నటి అక్షరాలు చదువుతోంది. అప్పుడు వేలితో ఒక లైను చూపించింది.

"తిరగెయ్యకూడదు అన్నది కావాలి, ఒప్పుకుంటాను. పాన్‌కేక్ కాదన్నది కూడా కావాలి, నేను పాన్‌కేక్ అనుకునే తిరగేశాను. కానీ ఇది. నేను తిరగేశాను, అందరూ నవ్వారు. ఇది ఎలా చెయ్యాలో చెప్పేది కాదు కదండీ. జరిగింది చెప్పేది. పట్టిక ప్రకారం చూస్తే ఒక మార్కు పోతుంది."

ఒక మార్కు పోతే ఏడు.  కార్లా సంచీ పట్టు మరింత బిగించింది. పెదవులు కదిలాయి, లెక్క వేసుకున్నట్టు. తర్వాత ఆమె తల మళ్ళీ కిందకి వాలిపోయింది, అలవాటైన చోటికి వెళ్ళినట్టు.

నోయెల్లాకి ఒళ్ళు మండింది. సంతకం పెట్టను, ఏం చేస్తారో చేసుకోండి అందామని నోటి దాకా వచ్చింది. ఆ మాట మంగళవారమే అనగలిగి ఉండేది. అనలేదు. ఇప్పుడు తన కోపంతో ఆ పిల్లని గట్టెక్కిస్తే అది దయ అవుతుంది, మార్కు అవ్వదు. వెనక్కి వెళ్ళకుండా టీచరు దయతో ఆగిన పిల్ల అంటారు రేపు. అది తల్లి మోసిన బరువుకన్నా తక్కువేం కాదు. అందుకని ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"నిన్న తిరగేశారు కదా. అప్పుడు మీకెలా అనిపించింది?"

విట్‌కమ్ నవ్వబోయి మానేసింది. "ఎలా అనిపిస్తుంది? ఇరవై మంది ఏడేళ్ళ పిల్లలు నన్ను చూసి నవ్వారు. రాత్రి హోటల్ గదిలో కూడా అదే గుర్తొచ్చింది. ఇంత వయసొచ్చాక సిగ్గేంటి అనుకున్నాను గానీ, వేసింది."

"ఊరికే తిరగెయ్యకూడదు అని చదివి ఉంటే గుర్తుండేదా?"

 విట్‌కమ్ కాగితం మీద ఎర్ర గీతని గోటితో గీకింది, చెరిగిపోతుందేమోనన్నట్టు. కిటికీ బయట బడి బస్సు ఒకటి ఇంజను స్టార్టు చేసుకుని కదిలింది.

"ఉండేది కాదు," అంది చివరికి. "చెయ్యొద్దు, చెయ్యొద్దు అని ఏ కాగితంలో చూసినా ఉంటుంది. ఎవరు పట్టించుకుంటారు. ఇది చదివి ఉంటే మాత్రం అట్లకాడ ముట్టుకునేదాన్ని కాదు." నోటుపుస్తకంలోంచి తన పెన్ను తీసి, నోయెల్లా "అక్కర్లేదు" అని రాసిన చోట గీత కొట్టి, పక్కన "కావాలి" అని రాసి సంతకం పెట్టింది. "ఎనిమిది. జిల్లా ఆఫీసు నుంచి ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి."

రోలండ్ ఫారాన్ని తీసి, రెండుగా, నాలుగుగా చింపి, బుట్టలో వేశాడు. ఆ చప్పుడికి అతని ముఖంలోనే ముందు తేలిక కనిపించింది. కార్లాకి మాత్రం అర్థం కావడానికి ఇంకా కొంచెంసేపు పట్టింది.

"అంటే పంపరా?" అంది.

"పంపం," అంది నోయెల్లా. "రెండో తరగతిలోనే, నా దగ్గరే ఉంటుంది. ఎనిమిదొచ్చింది కార్లా. ఎవరూ ఇవ్వలేదు, తనే తెచ్చుకుంది."

కార్లా ఊపిరి ఒక్కసారిగా వదిలింది. ఒడిలో సంచీ జారి కిందపడితే తీసుకోలేదు. కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపి, "ఒకసారి చూడొచ్చాండీ ఆ కాగితం?" అంది.

ఆ కాగితంలో ఏముందో నోయెల్లాకి గుర్తొచ్చింది. అయినా తీసి ఇచ్చింది. కార్లా కాగితాన్ని బల్ల మీద పరుచుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ చదివింది. ఎవరూ తొందర పెట్టలేదు. నూనె. కన్నాలు. తడి మెరుపు. వేలు నాలుగో లైను దగ్గర ఆగిపోయింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

"తిరగెయ్యకూడదా?" అంది.

ఆమె వేలు ఆ లైను మీద నుంచి కదల్లేదు.

"రెండున్నర నెలల నుంచి ఆశ్రమంలో పొద్దున్నే నలభై ప్లోయ్‌లు పోస్తున్నానండీ. ముందున్న వంటమనిషి పిండి కొలతలు రాసిపెట్టి వెళ్ళింది. పోసేది రాయలేదు. ప్రతిదాన్నీ తిరగేస్తున్నాను. ముసలాళ్ళు సగం తిని సగం వదిలేస్తున్నారు. బాగుందా అంటే బాగుందమ్మా, బాగుందమ్మా అంటారు. నేను ఆ సగం చెత్తలో వేసుకుంటూ, నా చేతిలోనే ఏదో లేదు అనుకుంటున్నాను."

"పాపం, కొత్తమ్మాయి నొచ్చుకుంటుందని ఊరుకుని ఉంటారు," అన్నాడు రోలండ్. "మా నాయనమ్మ కూడా అక్కడే ఉంది. ఆవిడ ఎలా ఊరుకుందో."

కార్లా వేలు ఇంకా కిందకి జరిగింది. నేను తిరగేశాను. అందరూ నవ్వారు. టీచర్ కూడా. ఆ లైనుని కూడా ఆమె మళ్ళీ చదివింది.

"ఇంటికొచ్చి చెప్పలేదు నాకు," అంది. తర్వాత తలెత్తి నోయెల్లా ముఖంలోకి చూసింది. వచ్చిన ఇన్ని నెలల్లో ఆమె అలా నేరుగా చూడటం అదే మొదటిసారి. "మీరు కూడానా మేడమ్?"

"నేను కూడా," అంది నోయెల్లా. "అందరికన్నా గట్టిగా."

కార్లా ఒక్క క్షణం అలాగే చూసి, పకాలున నవ్వింది. ఏడుపు లోపల ఉండగానే వచ్చిన నవ్వు, ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నలభై," అంది నవ్వు మధ్యలో. "రోజుకి నలభై తిరగేశాను." అప్పుడు విట్‌కమ్ కూడా నవ్వింది, తర్వాత రోలండ్. నోయెల్లా అందరికన్నా వెనక నవ్వింది, ఈసారి ఎవరైనా నవ్వమన్నాకే నవ్వాలన్నంత జాగ్రత్తగా.

"దీన్ని నేను తీసుకెళ్ళొచ్చా?" అంది కార్లా. "రేపు పొద్దున్న ఐదింటికి పెనం ముందు పెట్టుకుంటాను. నాకు అర్థమైందండీ ఇది. మొత్తం అర్థమైంది."

నోయెల్లా పట్టికని కాగితం నుంచి విప్పి, పిన్ను పీకేసి, కాగితం ఒక్కటీ ఆమె చేతికి ఇచ్చింది. కార్లా దాన్ని మడత పెట్టకుండా, సంచీలో నలిగిపోతుందని చేత్తోనే పట్టుకుని, వరండాలో ఎదురు చూస్తున్న కూతురి దగ్గరికి వెళ్ళింది.